పత్తి పురుగునకు ఎఱ్ఱ గురుతు

కొత్తవాడ జంపఖానాల పనివారికి ఒక సంగతి చక్కగా తెలియును. నేసిన వస్త్రముపై అద్దిన రంగు వేఱు. నేతకు ముందే నూలునకు పట్టించిన రంగు వేఱు. మొదటిది పైపైన నుండును, రెండవది పోగుపోగునను నుండును. పత్తి పండించు మన రైతులకు గూడ ఈ భేదముతో పని గలదు. అది గులాబీ రంగు పురుగునకు సంబంధించినది.

ఈ పురుగు పూవు ఱేకులను కలిపి కట్టి గుడ్డిపూలు చేయును. పిమ్మట కాయలో దూఱి గింజను తినును. కాయ పగిలిన పిదపగాని నష్టము బయటపడదు. 2002లో మన దేశమునకు బీటీ పత్తియు, 2006లో రెండు జన్యువులు గల రకమును వచ్చినవి. 2010 నాటికే మొదటి జన్యువును ఈ పురుగు ఓర్చుకొనుచున్నట్లు గుజరాతులో తేలెను; తరువాత రెండవది గూడ దానికి లొంగిపోయెను.

అమెరికాలో అరిజోనా రైతులు 2006లో వేఱొక దారి త్రొక్కిరి. రెక్కల పురుగులను శాలలో పెంచి, కిరణములచే వాని సంతానశక్తిని నశింపజేసి, విమానములనుండి చేలపై విడిచిరి. బయటి పురుగు వీనితో జతకట్టిన యెడల పిల్లలు కలుగవు. ఆలోచన చక్కనిదే. కాని లింగాకర్షక బుట్టలో పడిన పురుగు మనము విడిచినదా, చేనిలో పుట్టినదా? ఇది తెలియనిచో లెక్కయంతయు వ్యర్థము. విడిచినదానిని చేనిదనుకొన్న మందు దండుగ. చేనిదానిని విడిచినదనుకొన్న పంట దండుగ.

అందుకై వారు శాలలో పురుగుపిల్లల మేతయందు ఎఱ్ఱ రంగు కలిపిరి. ఆ రంగు పెద్దదైన పురుగు దేహములో నిలిచియుండును. అయితే కోట్లకొలది పురుగులలో కొన్నింటికి రంగు సరిగా పట్టకపోవచ్చును. పురుగు దాదాపు నశించిన దశలో, రంగు కానరాని యొక్క పురుగు చాలును, అధికారులను పరుగులు పెట్టించుటకు.

ఇచ్చట ఎఱ్ఱ ప్రోటీను పనికివచ్చెను. పగడపు జీవులకు దగ్గఱి చుట్టమగు డిస్కోసోమా అను సముద్రజీవినుండి 1999లో మాస్కో శాస్త్రజ్ఞులు దీనిని కనుగొనిరి. డీఎస్‌రెడ్ అని దానికి పేరు. ఇది మిణుగురు పురుగు వలె తనంత తాను వెలుగదు. పచ్చని వెలుగు దానిపై పడినప్పుడు దానిని మ్రింగి ఎఱ్ఱని వెలుగును విడుచును. తగిన దీపమును గాజుపలకయు గల సూక్ష్మదర్శినిలో పురుగు ఎఱ్ఱగా మెఱయును. దీనిని తయారుచేయు జన్యువును పురుగు వంశములో చేర్చినచో రంగు మేతనుండి గాక పుట్టుకతోనే వచ్చును, పిల్లలకును సంక్రమించును. నూలునకు ముందే పట్టించిన రంగు వంటిదన్నమాట. ఆక్సిటెక్ అను ఆంగ్ల సంస్థవారు సిద్ధపఱచిన ఇట్టి వంశమును, కిరణములచే నిస్సంతుగా చేసి, 2006 మొదలు అరిజోనా చేలలో పరీక్షించిరి. అది మామూలు శాల పురుగులకు తీసిపోలేదు.

శాస్త్రజ్ఞులకు ఈ ప్రోటీనుతో ఒక చిక్కు వచ్చెను. దీని అణువులు నాలుగేసి జట్టుగా అతుకుకొని యుండును. కణములోని మఱియొక ప్రోటీనునకు గురుతుగా దీనిని తగిలించినచో, నాలుగెడ్లను ఒక్క కాడికి కట్టినట్లు అన్నియు చిక్కుపడును. కాలిఫోర్నియాలో రోజర్ త్సియెన్ అను పండితుని పరిశోధనశాలలో 2002లో దీనిని ఒంటి అణువుగా మార్చిరి. 2004లో మఱింత మెఱుగుపఱచి ఎంచెర్రీ అను దానిని చేసిరి. మెఱయు ప్రోటీనుల పనికై ఆయనకు 2008లో మఱి యిద్దఱితో కలిసి నోబెల్ బహుమానము లభించెను. పురుగునకు గురుతు పెట్టుటకు మాత్రము ఆ జట్టు అడ్డు కాదు.

ఎఱ్ఱ ప్రోటీను పురుగును చంపదు. అది కేవలము గురుతు. మెఱయు విత్తనమనియో మందనియో ఎవడైన బేరమునకు వచ్చిన, మన సంఘ సభ్యులు ఈ మాట గుర్తుంచుకొందురు గాక. 2018లో అమెరికా పత్తి ప్రాంతములనుండి ఈ పురుగు నిర్మూలమైనట్లు ప్రభుత్వము ప్రకటించెను. ఆ ఫలము ముఖ్యముగా బీటీ పత్తి, నిస్సంతు పురుగులు, లింగాకర్షక ఎర, పంట తరువాత మోళ్లను దున్నివేయుట అను నాలుగింటిది. ఇందులో చివరి రెండును మన చేతిలోనివే.

ఎకరమునకు రెండు బుట్టలు చాలును. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి పురుగులు పడినప్పుడే మందు మాట తలపెట్టవలెను. ఆఖరి తీత తీసిన వెంటనే మోళ్లను పెఱికివేయవలెను. ఎనుమాముల మార్కెట్టులో మఱికొంత ధర వచ్చునని చేనిని వేసవి దాక నిలుపుట పురుగునకు ఇల్లు కట్టించుటయే. ప్రక్క చేనివాడు మోళ్లు ఉంచినచో మనము పెఱికినదాని ఫలము సగమే గనుక, ఒక్క వీథిచేల వారందఱు ఒకే వారములో ఈ పని ముగింపవలెను.