హెచ్చరికను చేర్చేవారెవరు?

దక్షిణ అండమాన్‌లోని హోప్ టౌన్ రేవులో 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో హత్యకు గురైనాడు. చుట్టూ కావలివారుండగానే ఈ ఘోరం జరిగింది. కావలి ఉండడం వేరు, అది వేళకు అక్కరకు రావడం వేరు.

2004 డిసెంబరు 26 ఈ పాఠాన్నే మరింత కఠినంగా నేర్పింది. ఉదయం 6.29కి సుమత్రా వద్ద భూమి కంపించింది. నికోబార్ దీవులను నిమిషాలలోనే అలలు ముంచివేశాయి. ఆంధ్ర, తమిళ తీరాలకు రెండు గంటలకు పైగా వ్యవధి ఉన్నా కబురు అందలేదు. కేంద్రమంత్రికి చేరవలసిన ఫ్యాక్సు మాజీ మంత్రి ఇంటికి వెళ్లిందని అప్పటి పత్రికలు వ్రాశాయి.

2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం వెలసింది. భూకంపం వచ్చిన సుమారు 10 నిమిషాలలో అది కబురు పంపగలదు. కాని ఆ కబురును హోప్ టౌన్‌లోని చివరి ఇంటిదాకా చేర్పించే బాధ్యత ఒక అధికారిది.

అట్టి పదవికి పట్టాలు మాత్రమే చాలవు. చిరునామాలను ఎప్పటికప్పుడు సరిచూసుకొనే శ్రద్ధ కావాలి. హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగు, నికోబారీ వినిపించే దీవులలో ఎవరి భాషలో వారికి చెప్పించగల నేర్పు కావాలి.

ఎంపిక సంఘం ఒక్క ప్రశ్న అడిగితే చాలు: “రాత్రి రెండు గంటలకు హెచ్చరిక వస్తే మొదట ఎవరిని లేపుతారు?” తడుముకోకుండా బదులు చెప్పినవారే అందుకు తగినవారు.