లారీ బరువు – బస్తాల లెక్క



కోతలైనవి, తూకాలైనవి, ఇక సరుకు లారీ కెక్కించాలి. జనగామ రైతు ధాన్యం మిల్లుకు చేరాలి. మహబూబాబాదు రైతు మిరప వరంగల్లులోని ఏనుమాముల మార్కెట్టుకు చేరాలి. భూపాలపల్లి దారిలో బొగ్గు లారీలు, ఇసుక లారీలు కూడా తోడవుతవి. "ఎట్లాగూ పోయే లారీయే గదా, ఇంకో యాభై బస్తాలు వేయండి" అనడం మనకు మామూలు. ఆ యాభై బస్తాల ఖరీదెంతో ఈ పూట చూద్దాం.

లారీ మోయదగిన బరువు దాని రిజిస్ట్రేషను పత్రంలోనే ఉంటుంది. అది లారీ సొంత బరువు, సరుకు బరువు కలిపిన మొత్తం. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువులు పెంచింది. రెండు టైర్ల ముందు ఇరుసుకు 7 టన్నులు, నాలుగు టైర్ల వెనుక ఇరుసుకు 11.5 టన్నులు, రెండిరుసుల లారీకి వెరసి 18.5 టన్నులు. పాత లారీ పత్రంలో తక్కువ అంకె ఉంటే ఆ అంకే లెక్క.

ఖాళీ లారీ 6.5 టన్నులు తూగిందనుకోండి. మిగిలేది 12 టన్నులు, అంటే 40 కిలోల బస్తాలు 300. ఆ పైన వేసిన యాభై బస్తాలు 2 టన్నుల అధిక బరువన్నమాట.

1988 నాటి మోటారు వాహనాల చట్టానికి 2019లో సవరణ వచ్చింది. దాని ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, పైగా ప్రతి అదనపు టన్నుకు 2,000. మన లెక్కకు 24,000! కేసు కోర్టుకు పోకుండా తేల్చుకొనే రుసుమును రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. నడిపినవారే కాదు, నడిపించినవారూ బాధ్యులే. కాంటాకు రానన్న డ్రైవరుకు 40,000. మిరప తేలిక గదా అని హద్దు మించి ఎత్తుగా పేర్చినా తప్పే.

డబ్బుతో పోదు. అధిక బరువు దించనిదే లారీ కదలరాదు. దింపుడు కూలీ అదనం. రోడ్డు పక్కన ధాన్యం, ఆకాశంలో మబ్బు – అప్పుడు నష్టమెవరికి?

మనం బ్రేకు ఇన్‌స్పెక్టరని పిలిచే అధికారి బ్రేకులు, స్టీరింగు, దీపాలు, టైర్లు, కాగితాలు చూస్తాడు. ఎనిమిదేళ్లలోపు లారీకి రెండేళ్లకోసారి, ఆ పైన ఏటేటా ఫిట్‌నెస్ పత్రం ఉండాలి. బరువు పెరిగిన కొద్దీ బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. అందుకే ఈ తనిఖీ.

రోడ్డు సంగతీ వినండి. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో 1958–60లో లారీలు నడిపి పరీక్షించారు. ఇరుసు బరువు ఒకటిన్నర రెట్లయితే రోడ్డుకు నష్టం సుమారు అయిదు రెట్లని ఆ ఫలితాలవల్ల తేలింది. ఊరి రోడ్డు చెడితే వచ్చే పంటకు కిరాయి పెరుగుతుంది. అది కట్టేదీ మనమే.

కనుక ఎగుమతికి ముందే పత్రాలు చూడండి. ఖాళీ లారీని కాంటా పెట్టించి చీటీ దగ్గర ఉంచుకోండి. బస్తాలు లెక్కించి ఎక్కించండి. విస్తరణాధికారులు కొనుగోలు కేంద్రంలో ఏ లారీకి ఎన్ని బస్తాలో బోర్డుమీద రాయిస్తే మరీ మేలు. మిగిలిన యాభై బస్తాలు రేపటి లారీలో పోతవి.