ఇంటి పన్నులో ఉన్న గ్రంథాలయం

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయాన్ని మన పెద్దలు 'కుతుబ్‌ఖానా ఆసఫియా'గానే ఎరుగుదురు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం, సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ వంటి విద్యాభిమానుల కృషితో 1891లో అది వెలసింది. 1936లో నేటి భవనంలోకి మారింది. అరబీ, ఫార్సీ, ఉర్దూ, తెలుగు గ్రంథాలు అక్కడ ఒకే కప్పు కిందికి చేరాయి.

ఈ ఘనతను చెప్పుకోవడంలో మనం వెనుకబడలేదు. దైవప్రవక్త (సఅసం)పై అవతరించిన తొలి ఆదేశం చదవమన్నదేనని ప్రతి సభలోనూ వింటున్నాం. కాని మన వీధి చివరి శాఖా గ్రంథాలయం మెట్లెక్కి ఎన్నాళ్లయింది?

ఆ గ్రంథాలయం ప్రభుత్వం పెట్టిన దానం కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతాయి. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు అదనంగా 80 రూపాయలు చెల్లిస్తోందన్నమాట. అద్దెకున్నవారు కట్టడం లేదనుకోవద్దు, అద్దెలో అదీ కలిసే ఉంటుంది. వసూలైన సొమ్మును స్థానిక సంస్థలు సకాలంలో జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయకపోవడం పాత జబ్బే. కొత్త పుస్తకాలు రాకపోవడానికి అదొక కారణం. అయితే అడిగేవారు లేనిచోట ఆ జబ్బు నయం కాదు. ఉర్దూ పుస్తకాల సంగతీ అంతే. తీసుకెళ్లే పాఠకుడే లేకుంటే కొత్తవి తెప్పించమని ఎవరు కోరుతారు?

ఒక మాట నిర్మొహమాటంగా చెప్పదలచుకున్నాము. రెండు గదుల ఇంట్లో, టీవీ మోతలో, తమ్ముళ్ల అల్లరిలో పోటీ పరీక్షకు చదువుకునే అమ్మాయికి ఒక బల్ల, ఒక దీపం, రెండు గంటల నిశ్శబ్దం కావాలి. అవి గ్రంథాలయంలో ఉన్నాయి. అబ్బాయి వెళ్తానంటే సరేనంటాం. అమ్మాయి అడిగితే 'అక్కడి వాతావరణం ఎలా ఉంటుందో' అంటాం. ఆ సందేహం సహజమే. ఇంట్లో కూర్చుంటే మాత్రం అది తీరదు. తల్లి ఒకసారి వెంట వెళ్లి చూడాలి. స్త్రీలకు విడిగా బల్ల లేకుంటే గ్రంథపాలకుణ్ణి అడగాలి. కూతురు చదువుకుంటున్నంతసేపు ఆమె పత్రిక తిరగేయవచ్చు. దానికి రుసుము లేదు.

చాలా శాఖలకు వారపు సెలవు శుక్రవారం. మనకు జుమా నాడు మూసి ఉన్నా ఆదివారం తెరిచే ఉంటాయి. పిల్లలకు బడి లేని రోజు కూడా అదే.

పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవాలంటే సభ్యత్వం తీసుకోవాలి. అందుకు కొద్దిపాటి ధరావతు కట్టాలి. సభ్యత్వం మానుకున్ననాడు అది తిరిగి ఇస్తారు.