ముందు బిడ్డకు నీళ్లు



బెయేర్షెబా అరణ్యంలో దారి తప్పి తిరిగిన హాగరు సంగతి మనకందరికీ తెలిసినదే (ఆదికాండము 21వ అధ్యాయము). అబ్రాహాము మనసు నొచ్చుకుంటూనే ఆమెను పంపివేశాడు. అతడిచ్చిన రొట్టె, తిత్తిలోని నీళ్లు ఎన్నాళ్లో రాలేదు. బిడ్డను పొద కింద పడుకోబెట్టి, వాడి చావు చూడలేక ఆ తల్లి దూరంగా కూర్చుని ఏడ్చింది. తండ్రి బ్రతికే ఉన్నాడు, కలిగినవాడు కూడ. అయినా బిడ్డ నాలుక ఎండిపోతున్నది.

ఇలాంటి తల్లులు ఈనాడు ప్రతి దేశంలోనూ ఉన్నారు. ప్రభుత్వం వారిని ఆదుకొనేటప్పుడు ఒక ప్రశ్న లేస్తుంది. కన్న తండ్రి ఉండగా ఆ ఖర్చు ప్రజలెందుకు భరించాలి? తండ్రిని పట్టుకోవడానికి తల్లి సహకరించకపోతే ఆమెకిచ్చే సహాయం తగ్గించవచ్చా? తగ్గించవచ్చునని అమెరికా చట్టమే చేసింది.

అక్కడ పేద పిల్లల కుటుంబాలకు కేంద్రం తరఫున నగదు సహాయం 1935లో మొదలైంది. ముఖ్యంగా వితంతువుల పిల్లలను దృష్టిలో పెట్టుకొని చేసిన ఏర్పాటది. కాలం గడిచేకొద్దీ భర్త విడిచిన స్త్రీలు, పెళ్లికాని తల్లులు ఎక్కువయ్యారు. అందుచేత 1975లో తండ్రులను వెదకి భరణం వసూలు చేసే పథకం పెట్టారు. సహాయం కోరే తల్లి తండ్రి పేరు, తెలిసిన వివరాలు చెప్పాలి. భరణం పుచ్చుకునే హక్కును ప్రభుత్వానికి రాసివ్వాలి. 1996లో అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన చట్టం దీనిని మరింత బిగించింది. తగిన కారణం లేకుండా సహకరించని కుటుంబానికి సహాయంలో కనీసం 25 శాతం కోత పెట్టాలి. రాష్ట్రం తలచుకుంటే మొత్తం ఆపివేయవచ్చు.

ఇందులో న్యాయం లేదని మేము అనము. స్వంత ఇంటివారిని పోషించనివాడు అవిశ్వాసికంటె చెడ్డవాడని అపొస్తలుడైన పౌలు తిమోతికి రాశాడు గదా (1 తిమోతి 5:8). తండ్రి జీతంలోనే భరణం పట్టి బిడ్డకు పంపే ఏర్పాటు అక్కడ ఉన్నది. అది మంచి పనే.

అయితే రెండు చిక్కులున్నాయి. మొదటిది భయం. కొట్టి తరిమిన మనిషి పేరు చెబితే మళ్లీ గుమ్మంలోకి వస్తాడేమోనని వణికే తల్లులుంటారు. అలాంటివారికి మినహాయింపు చట్టంలోనే ఉన్నది. కాని అది దొరకాలంటే ముక్కూమొహం తెలియని ఉద్యోగి ముందు తన గాయాలు విప్పి చెప్పుకోవాలి. చెప్పుకోలేని తల్లికి మిగిలేది కోతే.

రెండవది, వసూలైన సొమ్మంతా బిడ్డకు చేరకపోవడం. ఇచ్చిన సహాయానికి బదులుగా ప్రభుత్వం దానిని ఉంచుకోవచ్చు. 1984 చట్టం నెలకు మొదటి 50 డాలర్లయినా కుటుంబానికి ఇమ్మన్నది. 1996లో ఆ నియమం తీసివేసి, ఇవ్వడం మానడం రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. తాను కట్టిన డబ్బు తన బిడ్డ కంచంలోకి రాదని తెలిసిన తండ్రికి కట్టబుద్ధి పుడుతుందా?

కొన్ని దేశాలు వెనక్కి తిరిగి చూసుకున్నాయి. బ్రిటన్ 2008లో ఈ నిర్బంధాన్ని ఎత్తివేసింది. న్యూజిలాండ్‌లో తండ్రి పేరు చెప్పని తల్లికి ఒక్కొక్క బిడ్డకు వారానికి 22 డాలర్లు, కొన్నాళ్లకు 28 డాలర్లు కోసేవారు. 2020 ఏప్రిల్ 1 నుండి ఆ కోత రద్దయింది. తప్పు పెద్దలదైతే శిక్ష పిల్లల అన్నం మీద పడుతున్నదని వారు గ్రహించారు.

దూరదేశపు సంగతి మనకెందుకని అనుకోవద్దు. భర్త విడిచిన సహోదరి బిడ్డను చంకనేసుకొని మన సంఘములో సహాయానికి వస్తే, మనం మొదట ఏమి అడుగుతున్నాము? "ఎందుకు వదిలేశాడు? తప్పెవరిది? పెద్దమనుషుల్లో పెట్టారా?" అనే గదా! తీర్పు తేలేదాకా పిడికెడు బియ్యం కూడ కొలవని చోట్లున్నాయి. ఆ దేశపు చట్టానికీ మన అరుగుమీద పంచాయతీకీ తేడా ఎంత?

తండ్రిని వదిలిపెట్టమని కాదు. మన దేశంలోనూ భరణపు చట్టమున్నది. మునుపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌గా ఉన్న ఆ ఏర్పాటు 2024 జులై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా ఉన్నది. పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకు కూడ ఆ హక్కు ఉన్నది. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టులో అడిగితే చెబుతారు. ఒంటరిగా వెళ్లలేని సహోదరికి తోడుగా వెళ్లడం సంఘపెద్దలు చేయదగిన పరిచర్య. తప్పించుకు తిరిగే తండ్రి మన సంఘస్థుడే అయితే అతని ఇంటికి వెళ్లి గద్దించడం కూడ పరిచర్యే.

కాని వరుస మారకూడదు. అరణ్యంలో దేవుని దూత హాగరును ఆమె కష్టమేమిటని అడిగాడు. అబ్రాహాము మీద వాఙ్మూలం అడగలేదు. దేవుడు పిల్లవాని మొర విని, ఆమె కన్నులు తెరచి నీళ్ల ఊట చూపించాడు. ముందు బిడ్డ దాహం తీరింది.

ఈ నెల మన సంఘములో అటువంటి తల్లి ఎవరైనా ఉన్నారేమో వెదకుదాము. బియ్యం ముందు కొలుద్దాము. విచారణ తరువాత చేద్దాము.