ఎండదెబ్బ తిన్న హెడ్‌లైట్లు

మడకశిరనుండి రొళ్ళ, అగళి గ్రామముల మీదుగా కన్నడసీమలోని శిరాకు పోవు రహదారియందు, అర్ధరాత్రి దాటిన పిమ్మట, వక్కబస్తాలను, టమాటాపెట్టెలను మోసికొనిపోవు బొలేరో బండ్లును, ధర్మస్థలయాత్రికులతో నిండిన టెంపో ట్రావెలర్లును ఒకదానివెంట నొకటి సాగుచుండును. ఎదుటనుండి చూచువారికి వాని దీపములన్నియు వెలుగుచున్నట్లే తోచును గాని, వానిలో పెక్కింటిని నడుపువారికి మాత్రము, దారికడ్డముగా పండుకొన్న గొఱ్ఱెలమందగాని, వెనుక ఎఱ్ఱదీపమైనను లేక నిలిచియున్న ట్రాక్టరు ట్రాలీగాని, బ్రేకు త్రొక్కుటకు వేళ మించిన తరువాతనే కంటబడును. ఇందుకు కారణము బల్బు కాదు, బ్యాటరీ కాదు. బల్బుకు ముందుండు అద్దము. క్రొత్తబండికి నిర్మలమై తళతళలాడు ఆ అద్దము, అయిదాఱు వేసవులు గడచునప్పటికి పసుపెక్కి, పొరలువాఱి, లోనినుండి వచ్చు కాంతిని దారిమీదికి పోనీయక తనయందే చెదరగొట్టుచున్నది. అమెరికాలోని మోటారువాహనదారుల సంఘమగు ట్రిపుల్ ఏ వారు 2018లో పరీక్షించి చూడగా, అట్లు మసకబాఱిన దీపము క్రొత్తదీపపు వెలుగులో ఇంచుమించు అయిదవవంతు మాత్రమే ఇచ్చుచున్నదని తేలినది.

అయినను మనవారు మొదట చేయు పని యేమి? షెడ్డు ముందు బండి నిలిపి, "అన్నా, లైటు సరిగ్గా పడలేదు, నూరు వాట్ల బల్బు వెయ్యి" అనుట. బండిని తయారుచేసినవారు 60/55 వాట్ల బల్బునకు సరిపడు తీగెలను, స్విచ్చిని, లోపలి అద్దపుపూతను అమర్చియుండగా, అందు 100/90 వాట్ల బల్బు పెట్టినచో పుట్టు అధికోష్ణమునకు హోల్డరు కమిలిపోవును, తీగెల తొడుగులు మెత్తబడును, వెలుగును ముందునకు మఱల్చు వెండివన్నెపూత నల్లబడును. ఇంతచేసియు దారిమీద పడు వెలుగు పెరుగునది స్వల్పమే. ఎదురుబండివాని కన్నులలో పడునది మాత్రము మిక్కుటము. మసకబాఱిన అద్దము కాంతిని పైకి, ప్రక్కలకు చిమ్ముచుండుటచేత, డిమ్ము కొట్టినను ఎదుటివానికి కన్ను గిట్టక తప్పదు. వ్యాధి యొకటియై మందు వేఱొకటియైనందున కలుగు నష్టమిది.

పూర్వపు బండ్లకు ఈ బెడద లేదు. అమెరికాలో 1940నుండి ఏడంగుళముల గుండ్రని గాజుదీపము సర్వసామాన్యమయ్యెను. మన అంబాసిడరు కార్లును, పాతకాలపు లారీలును గాజుకళ్ళతోనే బ్రతుకు గడపినవి. తెలుగువారెల్లరు ఎఱిగిన సంచారగృహము, అనగా నందమూరి తారకరామారావుగారు 1982లో రాష్ట్రమంతట తిరిగిన చైతన్యరథము, 1940 నాటి షెవర్లే బండిని మార్చి కట్టినది. ఆ తరపు బండ్ల దీపములకు గాజే వాడుక. గాజు రాతిదెబ్బకు పగులవచ్చును గాని, ఎండకు పసుపెక్కదు. 1953లో జర్మనీయందు బేయర్ సంస్థలోని హెర్మన్ ష్నెల్, అమెరికాయందు జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలోని డేనియల్ ఫాక్స్, ఒకరినొకరు ఎఱుగకయే పాలికార్బొనేటు అను ప్లాస్టికును కనుగొనిరి. గాజు బరువులో సగమైనను లేక, రాయి తగిలినను పగులక, కోరిన వంపులోనికి పోతపోయ వీలగు ఈ పదార్థము, 1983లో అమెరికా ప్రభుత్వము దీపముల నిబంధనను సడలించిన పిమ్మట క్రమముగా గాజును వెడలగొట్టి, నేడు లోకమందలి కార్ల దీపములను ఇంచుమించు అన్నింటిని ఆక్రమించినది.

దాని బలహీనత యెండయే. సూర్యకాంతియందలి అతినీలలోహితకిరణములు గాలిలోని ప్రాణవాయువుతో గూడి ప్లాస్టికు అణుబంధములను త్రెంచును. త్రెగినచోట పసుపువన్నె పుట్టును, ఉపరితలము పెళుసెక్కి కంటికానని బీటలు వాఱును. దీని నాపుటకే కర్మాగారమున ప్రతి అద్దమునకు వెండ్రుక మందముకంటెను పలుచనైన గట్టిపూత నొకదానిని పూయుదురు. ఆ పూత యున్నంతకాలము అద్దము చెక్కుచెదరదు. అది అరిగిననాడు క్షయము మొదలగును. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైనున్న మన పీఠభూమిపై ఆ పూత త్వరగా అరుగుటకు కావలసినవన్నియు సమకూడియున్నవి: మబ్బు పట్టని ఆకాశము, వానలేని నెలలు, ఆషాఢపు గాలికి ఎగురు గరుకుదుమ్ము. పొరుగుననే పావగడ తాలూకాలో పదుమూడువేల యెకరాలలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రమును నెలకొల్పుటకు ఏ యెండ ఆధారమైనదో, ఆ యెండయే మన బండ్ల దీపములనుగూడ కాల్చుచున్నది. దీనికితోడు, దుమ్ముపట్టిన అద్దమును పొడిగుడ్డతో తుడుచు అలవాటొకటి కలదు. తుడిచిన ప్రతిసారి ఇసుకరేణువులు పూతను గీయుచునే యుండును.

ఎక్కువ తిరుగు బండికంటె ఎక్కువకాలము నిలిచియుండు బండికే ఈ రోగము ముందుగా వచ్చును. పడమటిదేశములలో మోటారిండ్లు, అనగా నివాసమునకు వీలుగా కట్టిన బండ్లు, గలవారి ప్రధానదుఃఖములలో నిదియొకటి. సంవత్సరమునకు కొన్ని వారములు తిరిగి, తక్కిన కాలమంతయు ఆకాశముక్రిందనే నిలుచు ఆ భారీవాహనముల దీపములు మిగిలిన బండియంతయు క్రొత్తగానుండగనే గ్రుడ్డివగుచున్నవి. మనదేశములోను 2021లో కేరళప్రభుత్వము అట్టి బండ్లకై క్యారవాన్ పర్యాటకవిధానమును ప్రకటించినది. సినిమావారి క్యారవాన్లు మనకు తెలిసినవే. మడకశిర ప్రాంతమున అట్లు ఎండలో నిలిచియుండు బండ్ల స్థానము, వేసవి సెలవులలో మైదానమున ఎండుచుండు బడిబస్సులది, యాత్రల ఋతువు ముగిసినంతనే చెట్టునీడయైనను లేక నిలుచు ట్రావెలర్లది.

ఖర్చు పెట్టుటకు ముందు చేయవలసిన పరీక్ష ఒకటి కలదు. దానికి చెంబెడు నీళ్ళు చాలును. అద్దముపై నీళ్ళు పోసి, తడియున్నంతసేపు దానిని చూడుడు. తడిసినప్పుడు నిర్మలమై, ఆఱగానే మఱల మసకబాఱినచో, దోషము బయటి పొరయందే యున్నదని తెలియనగును. నీరు ఆ సూక్ష్మపు గీతలలో నిండి వానిని తాత్కాలికముగా కప్పినదన్నమాట. అట్టి అద్దము బాగగును. తడిపినను మసక పోనిచో, లోపల తేమ చేరియుండవచ్చును, లేదా పైపూత దట్టముగా ముదిరి పొలుసుకట్టి యుండవచ్చును. లోపల నీటిబొట్లు కనబడుచున్నచో దీపము వెనుకనున్న రబ్బరుటోపీలను, గాలి యాడు చిన్న గొట్టములను చూచి సరిచేయవలెను. ఇక లోపలి వెండివన్నెపూతయే రాలిపోయినచో బయట నెంత రుద్దినను ప్రయోజనము లేదు.

బాగుచేయు విధము కష్టమైనది కాదు, ఓర్పుతో కూడినది. మొదట సబ్బునీటితో దుమ్మంతయు పోవునట్లు కడిగి, చుట్టునున్న రంగుపై గీతలు పడకుండ మాస్కింగ్ టేపు అంటించి, పెయింటు దుకాణములలో దొరకు వాటర్ పేపరును నీటిలో నానబెట్టుకొనవలెను. పాతపూత పొలుసులుగా లేచియున్నచో 400 నంబరుతోను, లేనిచో 800తోను మొదలిడి, 1000, 1500, 2000 వరకు క్రమముగా పోవలెను. ఒక నంబరును అడ్డముగా రుద్దినచో తరువాతిదానిని నిలువుగా రుద్దుట మంచిది. ముందటి గీతలు పూర్తిగా పోయినవో లేదో అప్పుడు స్పష్టముగా తెలియును. రుద్దునంతసేపు నీరు జాఱుచునే యుండవలెను. మొదట వ్రేళ్ళసందులనుండి కాఱు నీరు పసుపువన్నెగానుండును. అది చెడిన పూత అరిగి వచ్చుట. కొంతసేపటికి ఆ నీరు తెల్లబడును. అప్పుడు మంచి ప్లాస్టికు తగిలినదని గ్రహించి తరువాతి నంబరునకు పోవచ్చును. ఈ దశలో అద్దము మునుపటికంటె తెల్లగా, అపారదర్శకముగా కనబడి, బండి యజమాని గుండె జల్లుమనును, భయపడ నక్కఱలేదు. అమరాపురము మండలములోని హేమావతియందు నొళంబరాజుల శిల్పులు నల్లరాతిస్తంభములను మొదట మొరటుగాను, పిమ్మట మెత్తగాను సానపట్టి నునుపు తేల్చినట్లే, ఇచ్చటను ప్రతి మెత్తనిదశ ముందటి మొరటుదశ విడిచిన గీతలను చెఱుపుచు పోవును. ఒక మెట్టు దాటవేసినచో ఆ గీత చివరివరకు వెంటనే యుండును. పిదప రబ్బింగ్ కాంపౌండును మెత్తనిగుడ్డతో గుండ్రముగా రుద్దగా మసక విడి, లోపలి బల్బు స్పష్టముగా కానవచ్చును. యంత్రముతో రుద్దువారు వేగము తగ్గించి, ఒకేచోట నిలుపక కదల్చుచుండవలెను. వేడెక్కినచో ప్లాస్టికు మెత్తబడి మరక కట్టును.

ఇక్కడికి మెఱుపు వచ్చినది. పని మాత్రము ముగియలేదు. పెక్కు షెడ్లలో ఇక్కడనే ఆపివేసి డబ్బు పుచ్చుకొందురు. యజమాని సంతోషముతో పోవును, కొన్ని నెలలకే అద్దము మునుపటికంటె త్వరగా పసుపెక్కును. రుద్దుటలో మనము పాతపూతను పూర్తిగా తీసివేసితిమి గదా! ఇప్పుడా ప్లాస్టికు నగ్నముగా ఎండకు అప్పగింపబడినది. కావున ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో అద్దమును తుడిచి ఆఱనిచ్చి, అతినీలలోహితమును తట్టుకొను క్లియర్‌కోటును రెండు పలుచని పొరలుగా కొట్టింపవలెను. గట్టిపఱచు ద్రావకము కలిసిన టూకే రకము ఎక్కువకాలము నిలుచును; అయితే దాని తుంపురులు ఊపిరితిత్తులకు హానికరములు, ముక్కునకు కట్టిన చేతిరుమాలు దానికి చాలదు, తగిన మాస్కు గల పెయింటరుచేతనే కొట్టించుట క్షేమము. గాలిలేని తెల్లవాఱుజాము ఈ పనికి అనువైన వేళ. మన ఊరి ఆషాఢమాసపు గాలిలో పూసినచో పూతకంటె దుమ్మే యెక్కువగా నంటును. పూతకు బదులు ఎండనోర్చు పారదర్శకపు ఫిల్ము అతికించుకొనవచ్చును. మైనము పూసినచో రెండుమూడు నెలలకొకసారి మఱల పూయుచుండవలెను.

చక్కగా సానపట్టిన దీపము, మొదట చెప్పిన ట్రిపుల్ ఏ వారి పరీక్షలోనే, క్రొత్తదీపపు వెలుగులో దాదాపు నూటికి డెబ్బదివంతులు తిరిగి సంపాదించినది. వాటర్ పేపరు, కాంపౌండు, పూత, టేపు అన్నియు కలిపి వందల రూపాయలలోని మాట. క్రొత్తదీపముల జత చిన్నబండికే వేలలోనుండును, ఖరీదుకార్లకు పదివేలు దాటును.

దగ్గరిదారులనుగూర్చి ఒకమాట. టూత్‌పేస్టు స్వల్పముగా రుద్దు గుణము గలది. తేలికమసకను కొలదిదినములు పోగొట్టునేగాని ముదిరినదానిని తాకజాలదు. దోమలమందు కొట్టి తుడిచినచో తళుక్కుమనుట నిజమే. అందలి రసాయనము ప్లాస్టికు పైపొరను కరగించుటచేత వచ్చిన తళుకది. పెట్రోలు, థిన్నరు, అసిటోను తగిలినచో అద్దము సాలెగూటిబీటలు వాఱును. గిన్నెలో రసాయనమును వేడిచేసి ఆవిరిపట్టు పద్ధతి యొకటి పట్టణములలో ప్రచారమగుచున్నది; క్షణములో అద్దము మెఱయును గాని ఆ ఆవిరిని పీల్చు పనిపిల్లవాని ఆరోగ్యమును ఎవరు చూచుచున్నారు? మూసిన షెడ్డులో ఆ పని చేయించుట నాకు సమ్మతము కాదు.

మార్చక తప్పనిచో, అచ్చట కూడ మితవ్యయమునకు మార్గము కలదు. మోటారిండ్లు కట్టువారును, బస్సుబాడీలు కట్టువారును తమకొఱకు ప్రత్యేకముగా దీపములు పోతపోయించుట అరుదు; బజారున విరివిగా దొరకు కారుదో, లారీదో దీపమును తెచ్చి బిగింతురు. దానినే వాహననిర్మాతవద్ద అడిగినచో వెల పెరుగును. దీపమును ఊడదీసి, వెనుకప్రక్క ప్లాస్టికుపై అచ్చువేసిన తయారీదారు పేరును, భాగపు సంఖ్యను వ్రాసికొని, అది అసలు ఏ బండికి చెందినదో దుకాణములో విచారించుట తెలివైన పని. హిందూపురమున దొరకనిది బెంగుళూరు జె.సి. రోడ్డులో దొరకును, పాతసామానుకు శివాజీనగరపు గుజిరీ ప్రసిద్ధము. పాతది కొనువారు అద్దముకంటె ముందు లోపలి వెండిపూతను, బిగించు చెవులను చూచుకొనవలెను. చెవి విరిగిన దీపము గతుకులలో వణకి దారిని చూపదు. క్రొత్తది బిగించిన పిదప గోడకెదురుగా బండిని నిలిపి రెండు దీపముల యెత్తును సరిచేయించుకొనుట మఱవరాదు.

అద్దెబండ్లు, సరకుబండ్లు గలవారు ఎనిమిదేండ్లవరకు రెండేండ్లకొకసారియు, ఆపైన ఏటేటను ఫిట్‌నెస్ పరీక్షకు పోక తప్పదు. ఆ పరీక్షలో దీపములును చూడబడును. దాని ముందునాడు హడావుడిగా రుద్దించి మెఱుపు తెచ్చుకొనుటకంటె, వేసవి మొదలగుటకు ముందే, మాఘఫాల్గుణములలో, ఈ పని చేయించుకొనుట మేలు. పూత వేయనిదే డబ్బు ఇయ్యమని షెడ్డువారికి ముందుగనే చెప్పుడు. బండిని నిలుపునప్పుడు దాని ముఖమును పడమటియెండకు గాక గోడవైపునకు త్రిప్పి నిలుపుడు.