మీకు తెలుసా? కోర్సులోనే కొలువు!

అమెరికాలో చదువుకుంటూ, అక్కడి కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేయాలి. అనుమతి కోసం ఇమిగ్రేషన్ శాఖకు ఎంత కట్టాలో తెలుసా? 0 డాలర్లు! అసలు అక్కడికి దరఖాస్తే వెళ్లదు! ఇంటర్న్‌షిప్ కోర్సులో భాగమైతే యూనివర్సిటీలోని డీఎస్‌వో అనే అధికారే అనుమతి ఇచ్చేస్తారు. దాని పేరే సీపీటీ!

ఆ అనుమతి ఎక్కడుంటుందో ఊహించండి! కార్డు రాదు. పాస్‌పోర్టు మీద స్టాంపూ పడదు. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం 2వ పేజీ తిప్పండి! కంపెనీ పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ... అన్నీ అక్కడే!

మొదలయ్యే తేదీకి 1 రోజు ముందు పనిలో చేరినా అది అనుమతి లేని ఉద్యోగమే! విద్యార్థి హోదాకే ముప్పు! మేనేజరు ముందే రమ్మన్నా కదలకూడదు. కంపెనీ మారితే? మళ్లీ కొత్త అనుమతి రావాల్సిందే!

ఒకేసారి 2 కంపెనీల్లో చేయొచ్చా? నిబంధనల్లో దానికి అడ్డు లేదు! కాకపోతే దేనికి దానికి విడిగా అనుమతి ఉండాలి. యూనివర్సిటీ కూడా సరే అనాలి.

సీపీటీకి ముందు కనీసం 1 విద్యా సంవత్సరం పూర్తిగా చదవాలి. కానీ పీజీ వాళ్లకు ఒక వెసులుబాటుంది! చేరిన వెంటనే శిక్షణ తప్పనిసరి అని కోర్సులోనే ఉంటే, మొదటి సెమిస్టర్ నుంచే చేయొచ్చు!

వారానికి 20 గంటల వరకు పనిచేస్తే పార్ట్‌టైమ్. దాటితే ఫుల్‌టైమ్! చిన్న తేడాలా ఉంది కదూ? కానీ చదువయ్యాక దక్కేదేమిటో తేల్చేది ఇదే!

ఎలాగంటారా? ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండిందా, చదువయ్యాక పనిచేసేందుకు ఆ స్థాయి డిగ్రీకి వచ్చే ఓపీటీ అనే అనుమతి గోవిందా! ఒక్క రోజు తగ్గితే మాత్రం ఓపీటీ మొత్తం భద్రం! పార్ట్‌టైమ్ అయితే ఈ లెక్కలోకే రాదు!

ఓపీటీ పోతే పోయిందిలే అనుకోకండి! సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివిన వాళ్లకు పొడిగింపుతో కలిపి అది ఏకంగా 36 నెలలు! అంటే మూడేళ్ల ఉద్యోగ అవకాశం!

చదువూ పనీ కలిపి నేర్పాలన్న ఆలోచన కొత్తదనుకుంటున్నారా? సిన్సినాటి యూనివర్సిటీ 1906లోనే మొదలుపెట్టింది! తరగతి గదిలో కొన్నాళ్లు, ఫ్యాక్టరీలో కొన్నాళ్లు! అమెరికాలో కో-ఆప్ చదువులకు అదే నాంది!

2023–24లో అమెరికా విద్యాసంస్థల లెక్కల్లో భారతీయ విద్యార్థులు ఎంతమందో తెలుసా? 3,31,602 మంది! దేశాలన్నిటిలో మనమే ఫస్ట్! అందులో మన తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. ఈ లెక్కలన్నీ వాళ్లకు తెలిసి తీరాలి!

జీతం స్లిప్పులోనూ ఒక బహుమతి దాగుంది! అమెరికా ఉద్యోగుల జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం కోస్తారు. పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్‌గా ఉన్న విద్యార్థికి ఆ కోత లేదు! సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలూ ఇంతే! ఆదాయపు పన్ను మాత్రం మామూలే.

పొరపాటున కోసేశారా? ముందు కంపెనీనే అడగండి. ఇవ్వనంటే ఫారం 843 నింపి పన్నుల శాఖకు పంపండి. మీ కష్టార్జితం మీకు తిరిగొస్తుంది! ఇవాళే స్లిప్పు తీసి చూసుకోండి!