క్రాక్... వినబడిందా? కనబడిందా?

సింగపూర్: 'క్రాక్' అన్న మాట మనకు కొత్తేం కాదు. పక్కింటి కుర్రాడు ఐఐటీ ఎంట్రన్స్ 'క్రాక్' చేశాడంటే మెచ్చుకుంటాం. 'వాడో క్రాక్ గాడు' అంటే కాస్త తిక్క ఉందని అర్థం చేసుకుంటాం. 2021లో అదే పేరుతో రవితేజ సినిమా కూడా వచ్చింది. కానీ స్లాబ్ పోస్తున్నప్పుడు కింద నిలబడ్డ మనిషి 'క్రాక్' అని అరిస్తే అది నవ్వులాట వ్యవహారం కాదు.

సింగపూర్‌లో అధికార భాషలు 4: ఇంగ్లిషు, చైనీస్, మలయ్, తమిళం. ఇక కన్‌స్ట్రక్షన్ సైట్‌లో తెలుగు, బెంగాలీ కూడా కలుస్తాయి. వీటన్నిటినీ కలిపే తాడు ఒక్కటే, ముక్కలు ముక్కలుగా మాట్లాడే ఇంగ్లిషు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి ఇక్కడికొచ్చిన మాలాంటి సూపర్‌వైజర్లం, చైనా నుంచి వచ్చిన పనివాళ్ళతో ఆ ఇంగ్లిషులోనే నెట్టుకొస్తుంటాం. వాళ్ళలో పెద్ద పనివాణ్ణి 'షీఫూ' అని పిలుస్తాం, మన దగ్గర మేస్త్రి గారూ అన్నట్టు. షీఫూలకు ఇంగ్లిషు నేర్పాల్సి వస్తే ముందు ఏ మాట నేర్పాలి అని ఎవరైనా అడిగితే, మేము చెప్పేది ఈ 'క్రాక్' గురించే.

చప్పుడు నుంచి పుట్టిన మాట

క్రాక్ అసలు ఒక చప్పుడు పేరు. ఎండిన కొమ్మ విరిగినా, కొరడా ఝళిపించినా, నెత్తిన పిడుగు పడినా వచ్చే పొట్టి, పొడి చప్పుడు. మనం ఫెళ్ళుమంది, ఛెళ్ళుమంది, ఫట్‌మంది అని రకరకాలుగా అంటాం. ఇంగ్లిషు వాడు అన్నిటికీ క్రాక్ అనేశాడు. అక్కడితో ఆగలేదు. చప్పుడు చేసి విరిగాక మిగిలే గీత ఉంది చూశారూ, దానికీ అదే పేరు పెట్టాడు. గోడలో పగులూ క్రాకే, అది పగిలేటప్పుడు వచ్చే చప్పుడూ క్రాకే.

చైనీస్‌లో ఈ రెండూ వేరు. చప్పుడైతే 'కాచా'. గోడలో పగులైతే 'లియెఫెంగ్'. మన తెలుగులో కూడా అంతే కదా! ఫెళఫెళ వేరు, బీట వేరు. అందుకే ఈ మాట దగ్గర తెలుగువాడికీ చైనావాడికీ కష్టం ఒకటే.

ఇంకో చిక్కు ఉంది. చైనీస్‌లో కెమెరా నొక్కినా కాచా, కత్తెర ఆడినా కాచా, కొమ్మ విరిగినా కాచా. ఇంగ్లిషులో మొదటిది క్లిక్, రెండోది స్నిప్, మూడోది క్రాక్. సేఫ్టీ బెల్టు కొక్కెం పడితే 'క్లిక్', అది మంచి కబురు. కింద చెక్క విరిగితే 'క్రాక్', అది చెడ్డ కబురు. ఈ రెండూ కలగాపులగం కాకూడదని షీఫూలకు మొదటి రోజే చెప్పాలి. కొక్కెం పెట్టి చూపించి క్లిక్, పనికిరాని రీపరు ముక్క విరిచి క్రాక్. ఇంతకు మించిన పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

కాఫీ కొట్టులో క్రాక్

సైట్ బయట ఈ మాట రోజుకు పదిసార్లు తగులుతుంది. ఇక్కడి కోపీటియామ్‌లో పొద్దున టిఫిన్ అంటే కాయా టోస్టు, సగం ఉడికిన గుడ్లు. గుడ్డు మనమే పగలగొట్టుకోవాలి. దాన్ని ఇంగ్లిషులో 'క్రాక్' చేయడం అంటారు. చైనీస్‌లో 'దా జీదాన్' అంటారు. 'దా' అంటే కొట్టు. దాన్ని అలాగే ఇంగ్లిషులోకి తెచ్చి 'బీట్' అంటే గుడ్డు గిలకొట్టమని అర్థం, అట్టు చేతికొస్తుంది!

జోకు 'క్రాక్' చేయడం చైనీస్ వాళ్ళకు వింత. వాళ్ళు జోకు 'చెబుతారు'. మనకైతే వింత కాదు, మనం జోకు పేలుస్తాం. రహస్య కోడ్ 'క్రాక్' చేయడానికి వాళ్ళ మాట 'పోజియె'. అందులో పగలగొట్టడం ఉంది, ముడి విప్పడం కూడా ఉంది. మనం పొడుపు కథ విప్పినట్టే అనుకోండి. తలుపు ఓరగా తెరిచి ఉంచమనడానికీ క్రాక్ వాడతారు. తెల్లవారుజామును 'క్రాక్ ఆఫ్ డాన్' అంటారు. చీకటితోనే లారీ ఎక్కే మాకు ఆ ముక్క నేర్పనక్కర్లేదు, అనుభవమే నేర్పింది.

పటాకులు కూడా క్రాకర్లే. చైనీస్‌లో 'బియెన్‌పావ్' అంటారు, అందులో 'బియెన్' అంటే కొరడా. కొరడా చప్పుడు ఇంగ్లిషులోనూ క్రాకే కాబట్టి, ఈ ఒక్క పోలిక చెబితే షీఫూలకు మాట ఠక్కున గుర్తుండిపోతుంది. సింగపూర్‌లో పటాకులు కాల్చడం 1972 నుంచి నిషేధం కాబట్టి పాఠం నోటితోనే చెప్పాలి లెండి.

నోరు తిరగాలంటే

చైనా ప్రామాణిక భాషలో మాట చివర అచ్చు గానీ, న్, ఙ్, ర్ లాంటివి గానీ వస్తాయి తప్ప 'క్' రాదు. అందుకే కొందరు 'క్రా' అని ఆపేస్తారు, కొందరు 'కెరాకె' అంటారు. మనం నవ్వడానికేం లేదు. బస్సు, బ్యాంకు, కారు అని చివర అచ్చు తగిలించేది మనమే. అయితే మొదట్లో వచ్చే 'క్ర' మనకు క్రమం, క్రియ లాంటి మాటల్లో అలవాటే. వాళ్ళకు అలా రెండు హల్లులు కలిసి రావడం అలవాటు లేదు. కాబట్టి ముందు సగం మనం నేర్పవచ్చు. చివరి 'క్' మాత్రం ఇద్దరం కలిసి నేర్చుకోవాలి. గొంతు దగ్గర గాలి చటుక్కున ఆపితే చాలు.

ప్రాణం మీదికి వచ్చే తేడా

స్లాబ్ పోసిన కొద్ది గంటల్లో ఎండకూ గాలికీ పైన తడి ఆరిపోతే వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి. సరిగ్గా కప్పి, తడిపి క్యూరింగ్ చేస్తే చాలావరకు తగ్గుతాయి. కాలమ్ దగ్గర బీమ్‌లో ఏటవాలుగా వచ్చిన పగులైతే వెంటనే ఇంజినీరును పిలవాలి. మామూలు పరిస్థితుల్లో పగులు వెడల్పు 0.3 మిల్లీమీటర్లు దాటకూడదని మన ఐఎస్ 456 కోడ్ చెబుతుంది. ఇవన్నీ కనబడే క్రాకులు. కొలవాలి, ఫొటో తీయాలి, పక్కన తేదీ రాయాలి, పెరుగుతోందేమో చూడాలి.

వినబడే క్రాక్ అలా కాదు. కాంక్రీట్ పడుతుండగా సెంట్రింగ్ కింద చెక్క ఫెళ్ళుమంటే కొలవడానికి టైముండదు. పంపు ఆపాలి, మనుషులు బయటికి రావాలి. పైన పంపు, వైబ్రేటర్ రొదలో ఆ చప్పుడు సూపర్‌వైజర్ చెవిన పడదు. కిందున్న మనిషి నోటి మాటే ఆధారం. అతను 'క్రాక్' అంటే పైవాడు గోడ మీద గీత అనుకుని 'తర్వాత చూద్దాంలే' అన్నాడో, అంతే సంగతులు.

చప్పుడును లెక్కచేయడం ఎందుకో సింగపూర్‌కు బాగా తెలుసు. 2004 ఏప్రిల్ 20న నికోల్ హైవే పక్కన సర్కిల్ లైన్ మెట్రో కోసం తవ్విన లోతైన గొయ్యి కూలింది. నలుగురు చనిపోయారు. గొయ్యి గోడలకు ఆసరాగా పెట్టిన ఉక్కు దూలాల అతుకులు తట్టుకోలేకపోయాయి. కూలింది మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో. పెద్ద పెద్ద చప్పుళ్ళు మాత్రం పొద్దున్నుంచే వినబడ్డాయని విచారణలో తేలింది. చనిపోయిన వారిలో, తన కింది పనివాళ్ళను పైకి పంపించి తాను లోపల చిక్కుకున్న ఫోర్‌మన్ కూడా ఉన్నారు. అక్కడ మాట అర్థం కాక ప్రమాదం జరిగిందని మేము అనడం లేదు. కూలే ముందు కట్టడం చప్పుడు చేస్తుందని, ఆ కబురు త్వరగా పైకి చేరాలని మాత్రం అది నేర్పింది.

ఒక్క మాట కలిపితే చాలు

అందుకే క్రాక్ మాటను ఒంటరిగా వాడనివ్వకండి. దాని ముందు 'హియర్' గానీ 'సీ' గానీ ఉండాల్సిందే. 'హియర్ క్రాక్' అంటే వినబడింది, ఆపు, పరుగెత్తు. 'సీ క్రాక్' అంటే కనబడింది, రా, చూడు. వ్యాకరణం సరిగా లేకపోయినా ఫర్వాలేదు. ఇంగ్లిషు అస్సలు రాని షీఫూ అయితే చైనీస్‌లోనే చెప్పించండి. విన్నానంటే 'తింగ్', చూశానంటే 'కాన్'. రెండోది మన 'కను'కు దగ్గరగా ఉంది కాబట్టి మనవాళ్ళు మర్చిపోయే ప్రమాదం లేదు. చెవి చూపిస్తే విన్నట్టు, కన్ను చూపిస్తే చూసినట్టు అని సైగ కూడా కలిపితే బెంగాలీ తమ్ముళ్ళకూ అర్థమవుతుంది.

సింగపూర్‌లోనే కాదు, దుబాయ్‌లో ఉన్నా, దోహాలో ఉన్నా రేపు పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్‌లో ఒక్క రెండు నిమిషాలు దీనికి కేటాయించండి. ఒక రీపరు ముక్క, ఒక కొక్కెం ఉంటే చాలు, పాఠం అయిపోతుంది.